ఉత్తరం హద్దు: నేస్తం తోట

పలాస నుంచి వచ్చి నెల దాటింది. కింది పెదవి వాపు తగ్గింది గానీ మచ్చ మాత్రం అలాగే ఉంది. కూరగాయల బండి దగ్గర్నుంచి రేషన్ షాపు దాకా ఎవరు కనబడినా ముందు ఆ మచ్చ చూడటం, తర్వాత "ఏమైందండీ?" అనడం. ఒక్కొక్కరికీ మొదట్నుంచీ చెప్పే ఓపిక నాకు లేదు. అందుకని అందరికీ కలిపి ఒకేసారి రాసి పారేస్తున్నాను. చదివినవాళ్లు ఇక నన్ను అడక్కండి.

మాది తెనాలి. రిజిస్ట్రేషన్ ఆఫీసులో పాత దస్తావేజులకు నకళ్లు రాయడం నా ఉద్యోగం. ఫసలీ, జిరాయితీ, చౌహద్దీ, దఖలు... ఈ మాటలతో నాకు చుట్టాలతో ఉన్నంత చనువు. చెదలు తిన్న కాగితమైనా, గొలుసుకట్టు రాతైనా నా చేతిలో పెడితే అరటిపండు ఒలిచినట్టు విప్పి చెప్పేదాన్ని. ఉద్యోగం దిగిపోయాక ఆ విద్య అడిగేవాడు లేడు. మా ఆయనకు కరెంటు బిల్లు చదివి వినిపించడానికి తప్ప దేనికీ పనికి రాకుండా పోయింది.

అలాంటి వేసవిలో మా తమ్ముడి భార్య రాజ్యం వచ్చి కూర్చుంది. దాని పుట్టిల్లు ఉద్దానంలో, సముద్రానికి దగ్గర్లో. వాళ్ల నాన్న తవిటయ్య మావయ్యగారికి కొబ్బరి, జీడి తోట ఉంది. ఉంది అనడం కంటే ఉండేది అనడం నయం. రెండేళ్ల కిందటి తుఫానుకు కొబ్బరిచెట్లు వేళ్లతో సహా పడిపోయాయి. హద్దు మీద ఉన్న వరస కూడా పడిపోయింది. మళ్లీ మొక్కలు పెడదామంటే, ఉత్తరపు గట్టు మీద ఉన్న మంచినీళ్ల నుయ్యి నాదంటే నాదని పక్కతోట కూర్మయ్య ముళ్లకంప అడ్డం వేసేశాడు.

"ఆ నుయ్యి లేకపోతే మొక్కలు బతకవు వదినా. ఆదివారం నాడు పెద్దమనుషులు కూర్చుంటారు. మా తాత నాటి దస్తావేజు ఒకటుంది. అందులో నుయ్యి సంగతి ఉందంటారు గానీ ఆ భాష ఎవరికీ అర్థం కావట్లేదు. నువ్వొచ్చి చదివితే చాలు" అంది రాజ్యం.

"పద" అన్నాను. చీరలు సర్దుకోవడానికి పట్టిన సేపు కూడా ఆలోచించలేదు.

రైల్లో

శ్రీకాకుళం దాటాక పెట్టెలో మాటల తీరు మారిపోయింది. అందరూ ఒకరినొకరు కేకలేసుకుంటున్నట్టే ఉంది, తీరా వింటే "టీ తాగుతావేటి?" అని. నా ఎదురుగా కోటబొమ్మాళి సంతకు వెళ్లే ఆవిడ బుట్ట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నన్ను కాసేపు ఎగాదిగా చూసి, "ఏ ఊరమ్మా?" అంది.

"తెనాలి."

"ఏటి పనిమీద?"

"ఒక తగువుందమ్మా, దానికి వెళ్తున్నాను."

ఆవిడ నోరు తెరిచి నన్నూ, రాజ్యాన్నీ మార్చి మార్చి చూసింది. "ఓలమ్మో! తగువు కోసం అంత దూరం నుంచొచ్చినావా? మీ ఊర్ల తగువుల్లేవేటి?"

మా ఊళ్లో ఉన్నన్ని ఇంకెక్కడా లేవని చెబుదామనుకునేలోపు కోటబొమ్మాళి వచ్చేసింది. దిగేటప్పుడు నా చేతిలో రెండు మామిడికాయలు పెట్టి, "గెలిసి రామ్మా" అంది. ఎవరి తగువో, ఎందుకో కూడా అడగలేదు.

కాశీబుగ్గలో పెదవి

పలాసలో దిగి, పక్కనే ఉన్న కాశీబుగ్గ బజారుకు వెళ్లాం. ఇక్కడ జీడిపప్పును మా ఊళ్లో బియ్యం పోసినట్టు రాశులు పోసి అమ్ముతారు. గుండు ఒక ధర, బద్ద ఒక ధర, ముక్క ఒక ధర. మా తెనాలి కిరాణా కొట్టువాడు నూరు గ్రాముల పొట్లానికి చెప్పే రేటుకు ఇక్కడ దగ్గర దగ్గర పావుకిలో వచ్చింది. వాణ్ణి తలుచుకుని అక్కడే తిట్టాను. టీ రెండు రూపాయలు, అందులోనూ గ్లాసు నిండా పోశారు.

ఒక జీడిబట్టీ ముందు పొట్టు తీయని జీడిపిక్కలు గోనెల్లో ఆరబెట్టి ఉన్నాయి. చిన్నప్పుడు బాదంకాయలు పళ్లతో కొరికి పగలగొట్టినదాన్ని నేను. రాజ్యం బేరంలో ఉండగా ఒక పిక్క తీసి కటుక్కున కొరికాను.

పిక్క పగల్లేదు. పెదవి మాత్రం భగ్గుమంది. నిప్పు పెట్టినట్టయి నేను గెంతుతుంటే బట్టీలోంచి ఒకావిడ పరుగున వచ్చింది.

"ఏటి సేసినావే తల్లీ! పచ్చి జీడిపిక్కని కొరికీసినావేటి? సొన కాలిసేత్తాది గదా! మా మేకలు కూడా కొరకవు!"

మేకలతో పోల్చినందుకు కోపం తెచ్చుకునే స్థితిలో కూడా లేను. ఆవిడే కొబ్బరినూనె తెచ్చి రాసింది. సాయంత్రానికి కింది పెదవి బోండాం అంత అయింది. ఆ పెదవితోనే ఊళ్లోకి అడుగుపెట్టాను.

ఊరు పేరు చెప్పను

ఊరు వజ్రపుకొత్తూరు వైపు. పేరు రాయను. తగువు పడ్డ ఊరు కదా, రేపు ఇంకెవరైనా తగువుకొస్తే నన్నంటారు. దారంతా ఒక పక్క జీడితోటలు, ఒక పక్క పడిపోయిన కొబ్బరి మొద్దులు. ఉండుండి గాలిలో ఎండుచేపల వాసన. ఆ వాసన ముక్కుకు తగిలిందంటే సముద్రం దగ్గర పడినట్టని రాజ్యం చెప్పింది.

తవిటయ్య మావయ్యగారు గుమ్మంలోనే చేతులు పట్టుకున్నారు. "వచ్చినావా అమ్మా! నువ్వొచ్చినావు, సాలు. ఇంక నాకు నుయ్యొచ్చేసినట్టే!" అన్నారు. తర్వాత నా పెదవి చూసి, మర్యాదకు ఏమీ అడక్కుండా, లోపలికి వెళ్లి రాజ్యాన్ని అడిగారు. పెరట్లో మొలకెత్తిన కొబ్బరికాయలు గోడకు చేర్చి వరసగా పెట్టి ఉన్నాయి. ఆయన వాటి పక్కనే కూర్చుని, ఆకుల మీద దుమ్ము తుడుస్తూ నాతో మాట్లాడారు.

ఆయన పేరు సంగతి కూడా చెప్పాలి. ఆయనకు ముందు పుట్టిన పిల్లలు దక్కలేదట. అందుకని ఈయన పుట్టగానే చేటెడు తవుడుకు పొరుగావిడకు అమ్మేసి, మళ్లీ కొనుక్కున్నారట. అందుకే తవిటయ్య. మా వైపు పుల్లయ్య, పెంటయ్య ఉన్నారు గానీ ఇలా క్రయవిక్రయాలు జరిగిన పేరు నేను వినలేదు. దానికి దస్తావేజు రాశారా అని అడిగితే ఆయన పగలబడి నవ్వారు.

ఇంటికి పెద్ద ఆయన తల్లి. ఎనభై దాటిన మనిషి, కర్రలా సన్నగా ఉంటుంది. సగం చెవుడు, మిగతా సగం తనకు అక్కర్లేనివి వినకపోవడం. అందరూ మామ్మ అంటే నేనూ మామ్మ అన్నాను. వెళ్లగానే నా ముందు చోడి అంబలి (మన రాగిజావే), జీడిపప్పు కూర, ఎండు నెత్తళ్లు పెట్టింది. మా ఇంట్లో పాయసంలో నాలుగు పలుకులు తేలితే పండగ. ఇక్కడ కూరంతా జీడిపప్పే. పెదవి మండుతున్నా రెండుసార్లు వడ్డించుకున్నాను.

"పోయినేడు ఈ గుంట తాబేలు దేవుడి కాడికెల్లి పెసాదం తెచ్చింది" అంది మామ్మ రాజ్యాన్ని చూపిస్తూ.

"ఎక్కడికీ?" అన్నాను.

"శ్రీకూర్మం వదినా" అంది రాజ్యం. "మామ్మ ఎప్పుడూ అలాగే అంటుంది."

ముసలాళ్లకు ఏదో ఒక చాదస్తం ఉంటుందిలే అనుకుని ఇంకో ఎండుచేప నోట్లో వేసుకున్నాను. ఉత్తరపు కంచె అవతల కూర్మయ్య కనబడితే కూడా మామ్మ, "అదిగో, ఉత్తరపోడు" అంది. నుయ్యి లాక్కున్నవాణ్ణి పేరు పెట్టి పిలవాలనిపించదు కదా. అది కూడా సహజమే అనుకున్నాను.

నిధి నిక్షేపాలు

మర్నాడు అరుగు మీద చాప వేసి, దస్తావేజు నా చేతికిచ్చారు. మామ్మ భర్త తన అన్నదమ్ముడితో భాగాలు పంచుకున్నప్పుడు రాయించినది. తుఫానులో తడిసి మరకలు పడింది గానీ అక్షరం, కింద మామ్మ పేరుతో వేసిన వేలిముద్ర బాగానే ఉన్నాయి. వీధి వీధంతా వచ్చి నిలబడింది. నాకు చాలాకాలానికి మళ్లీ ఉద్యోగం వచ్చినట్టయింది. గొంతు సవరించుకుని, బోండాం పెదవితోనే రాగం తీశాను.

"నా వాటాకు వచ్చిన తోటను, నిధి నిక్షేప జల పాషాణ అక్షీణి ఆగామి సిద్ధ సాధ్యములనెడు అష్టభోగ తేజస్స్వామ్యములతో..."

జనం గుప్‌చుప్. తవిటయ్య మావయ్యగారి బావమరిది సింహాద్రి అనే ఆయన మెల్లిగా చెయ్యెత్తాడు. "అమ్మా, నిధి అంటే?"

"భూమిలో పాతిపెట్టిన ధనం."

"నిక్షేపమంటే?"

"దాచిపెట్టిన సొత్తు. అయితే ఇవన్నీ పాత దస్తావేజుల్లో ఊరికే రాసే మాటలండీ. భూమి మీద ఉన్నదీ, కింద ఉన్నదీ, ఇక మీద వచ్చేదీ అన్నీ నీవేనని ఎనిమిది మాటల్లో చెప్పడం. ప్రతి దస్తావేజులోనూ ఉంటాయి."

రెండో వాక్యం ఎవరూ వినలేదని మర్నాడు పొద్దున్న తెలిసింది. తోటలోకి వెళితే ఎటు చూసినా గోతులు. సింహాద్రి, ఆయన స్నేహితులు తెల్లారేసరికి తవ్వి పారేశారు. కంచె అవతల కూడా గోతులే. ఈ మాట కూర్మయ్య చెవిన పడి, నిధి తన వైపు జరిగి ఉంటే ఎలా అని ఆయనా తవ్వాడు. దొరికిందేమిటంటే ఒక పగిలిన కుండ, గుర్రపు నాడా, ఎవరిదో ఒక చెప్పు.

"నేను చెప్పలేదా, అవి ఊరికే రాసే మాటలని!" అని అరిచాను.

సింహాద్రి గోతిలోంచి తల బయటపెట్టి చూశాడు. "ఊరకనే ఎవుడైనా రాత్తాడేటి? స్టాంపు కాయితానికి డబ్బులవ్వవా?"

నా ఉద్యోగమంతటిలో ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు.

టెక్కలి దాకా

అసలు చిక్కు గోతులు కాదు. దస్తావేజులో హద్దుల దగ్గర ఉంది. తూర్పు ఇసుకదిబ్బ, దక్షిణం బండిబాట, పడమర అన్నదమ్ముడి వాటా. బాగానే ఉంది. ఉత్తరం దగ్గరకొచ్చేసరికి ఇలా ఉంది: "ఉత్తరం: నేస్తం తోట. ఈ హద్దున గల నూతిని నేస్తమును నేనును సమముగా వాడుకొనువారము."

నేస్తం! ఏ నేస్తం? పేరేది, తండ్రి పేరేది, కాపురస్థలమేది? నా చేతికింద రాసేవాడెవడైనా ఇలా రాసుంటే ఆ కాగితం వాడి మొహాన కొట్టేదాన్ని. ఇక్కడి వాళ్లేమో నేస్తం అంటే తెల్లబోలేదు. ఉద్దానంలో నేస్తరికం కట్టడం ఉందట. ఇద్దరు పసుపు అక్షింతలు చల్లుకుని, బట్టలు మార్చుకుని నేస్తాలైతే, ఆ రెండు ఇళ్లూ తరతరాలకూ చుట్టాలేనట. మా వైపు స్నేహితుడంటే బాకీ అడిగేదాకా స్నేహితుడే. ఇక్కడ అది పెళ్లి సంబంధమంత గట్టిది. అయితే తన తండ్రి నేస్తం ఎవరో తవిటయ్య మావయ్యగారికి తెలియదు. ఆయన ఊహ తెలిసేనాటికి అలాంటివాడెవరూ ఇంటికి రాలేదు.

ఒకవేళ రిజిస్ట్రేషన్ ఆఫీసు నకల్లోనైనా పేరు ఉందేమోనని నేనూ మావయ్యగారూ టెక్కలి వెళ్లాం. నందిగాం మీదుగా బస్సు. నా పక్కన ఒక మేక, దాని పక్కన దాని యజమాని. మేక నా పెదవి కేసే చూస్తూ కూర్చుంది. టెక్కలిలో అరుగు మీద దస్తావేజులు రాసే ఒక పెద్దాయన నాకు పరీక్ష పెట్టాడు.

"ఆగామి అంటే?"

"రాబోయే ఫలసాయం. సాధ్యం అంటే మీరు చెప్పండి."

"సాధించుకోదగ్గ లాభం. మరి అక్షీణి?"

ఇలా ఇద్దరం బల్ల చరిచి వాదించుకుంటుంటే తవిటయ్య మావయ్యగారు సోడా తాగుతూ నిలబడ్డారు. చివరికి నకలు వచ్చింది. దాంట్లోనూ "నేస్తం తోట" అనే ఉంది. పేరు లేదు.

తిరుగు బస్సులో నందిగాం దాటాక మావయ్యగారు అన్నారు. "అమ్మా, సదువుకున్న మనిషివి. దాపరికం లేకుండా సెప్పు. ఈ కాయితం పనికొస్తాదా?"

అబద్ధం చెబుదామనిపించింది. నోరు రాలేదు. "పేరు లేని హద్దు నిలబడదు మావయ్యగారూ" అన్నాను.

"అయితే నుయ్యి పోనాది" అన్నారాయన. "నుయ్యి పోతే తోట పోనాది. ఈ వయసుల నాను కాశీబుగ్గెల్లి జీడిబట్టీల కూలికెల్లాల." అంత పెద్దమనిషీ కళ్లు తుడుచుకున్నారు. అష్టభోగాలన్నీ కంఠతా వచ్చి ఏం లాభం, ఒక్క నేస్తం పేరు పట్టలేకపోయాను.

ఆదివారం

పెద్దమనుషులు నలుగురు తోటలోనే జీడిచెట్టు కింద కూర్చున్నారు. నిజానికి ముగ్గురు కూర్చున్నారు. నాలుగో ఆయన వస్తూ వస్తూ నిధి గోతిలో పడ్డాడు. ఆయన్ని లాగి, మట్టి దులిపి కూర్చోబెట్టేసరికి సగం జనం నవ్వుల్లో ఉన్నారు. మిగతా సగం నేను చదవడం మొదలుపెట్టగానే నవ్వారు. వాపు పెదవితో "అష్టభోగ తేజస్స్వామ్యములతో" అని ఎవరికి వారు అని చూసుకుంటే తెలుస్తుంది.

ఉత్తరపు హద్దు చదవగానే కూర్మయ్య లేచాడు. నలభై లోపు మనిషి, బలంగా ఉంటాడు. "ఇన్నారా? నేస్తం తోటంట! మా తోట మా తాత కాలం నుండీ మాది. ఈలకీ మాకూ నేస్తరికముందని ఎవుడు సెప్పాడు? ఆ నేస్తమెవుడో, పేరుందేటి అందుల?"

"లేదు" అన్నాను. చెప్పక తప్పలేదు.

"అద్గదీ! పైగా బాబూ, ఈల ముసిల్ది మామీద సిల్లంగి సేత్తాది. ఏటా పనసల కాలంల మా కంచెకాడ పనసపండు పెడతాది. ఉట్టిదే కాదు, పసుపుగుడ్డ సుట్టి, కింద బియ్యం పోసి! మా అమ్మ సూసి అడిలిపోయి ఏడాదికేడాదీ సముద్రంల ఇసిరేయించింది. నేస్తాలు సేసే పనేనా ఇది?"

సిల్లంగి అంటే ఇక్కడ చేతబడి. జనంలో గుసగుసలు మొదలయ్యాయి. తవిటయ్య మావయ్యగారి మొహం పాలిపోయింది. "అమ్మా! ఏటిదీ? నిజంగా పెట్టినావేటి?" అని ఇంటి వైపు తిరిగి కేకేశారు.

మామ్మ రాజ్యం భుజం పట్టుకుని, గోతులు తప్పించుకుంటూ వచ్చింది. ఇది మాత్రం ఆవిడకు స్పష్టంగా వినబడింది.

"సముద్రంల ఇసిరేసినారా?" అంది. "నేస్తం సారెని సముద్రంల ఇసిరేసినార్రా? ఏడాదికేడాదీ మంచి పండు ఏరి, మీ ఇంటికి రావడానికి నాకు మొకం సెల్లక కంచెకాడ పెట్టొచ్చినాను గదరా!"

పెద్దమనుషుల్లో ఒకాయన ముందుకు వంగాడు. "అంటే ముసిలమ్మా, మీ ఆయన నేస్తం ఈల ఇంటోడా?"

"మరెవుడనుకున్నారు? ఈడి తాతే. ఆయనకి జొరమొచ్చి పోనాడు. ఆల ఆవిడ బిడ్డనెత్తుకుని కన్నోరింటికెలిపోతంటే మేం ఆపనేదు, అందుకే నాకు మొకం సెల్లలేదు. ఆ బిడ్డ పెద్దోడై తిరిగొచ్చేసరికి మా ముసిలోడూ లేడు."

"మరి ఇన్నాళ్లూ ఎందుకు సెప్పలేదే!" అని మావయ్యగారు నెత్తి కొట్టుకున్నారు.

"సూరీడు తూరుపున పొడుత్తాడని సెప్పాలేటి? మీకు తెల్సనుకున్నాను. ఎవుడడిగినాడు నన్ను?"

కూర్మయ్య తగ్గలేదు. "నుయ్యి కోసం ఉప్పుడు కట్టిన కత ఇది. మా తాతే నీ మొగుడికి నేస్తమైతే, మా తాత పేరేటో సెప్పు. సెప్తే ఒప్పుకుంటాను. కంప నానే తీసేత్తాను."

మామ్మ నోరు మూసుకుంది.

"సెప్పమ్మా" అన్నారు మావయ్యగారు. "ఒక్క మాట. నుయ్యొచ్చెస్తాది."

"సెప్పను."

"అమ్మా, నీకు దండమెడతాను!"

"నుయ్యి పోతే పోనీరా. నేస్తం పేరు నోటితో అనకూడదు. మీ నాయన సచ్చేదాకా అన్లేదు. రాతగాడి కాడ కూడా అన్లేదు. నానంటానేటి?"

ఆ ముసలావిడను ఎత్తుకుపోయి సముద్రంలో పడేద్దామన్నంత కోపం వచ్చింది నాకు. ఒక్క పేరు! ఒక్క పేరు చెబితే కొడుకు తోట నిలబడుతుంది. అంతలోనే రాతగాడి మాట గుర్తొచ్చి చెంప ఛెళ్లుమన్నట్టయింది. ఆ రాతగాడు తప్పు రాయలేదు. వాళ్లాయన చెప్పిందే రాశాడు. పేరు చెప్పమంటే ఆయన ఇలాగే నోరు మూసుకుని ఉంటాడు. ఇంకొకటి కూడా గుర్తొచ్చింది, నెత్తళ్లు తింటూ నేను చాదస్తమనుకున్నది.

"మామ్మా" అన్నాను, గట్టిగా, చెవి దగ్గర. "పోయినేడు మన రాజ్యం ఏ దేవుడి దగ్గరికి వెళ్లిందన్నారు?"

"తాబేలు దేవుడి కాడికి."

"ఆ ఊరి పేరేంటి?"

మామ్మ నా కేసి కోపంగా చూసి తల తిప్పేసుకుంది.

"పోనీ, ఈ అబ్బాయిని ఏమని పిలుస్తారు?"

"ఉత్తరపోడు."

నేనిక ఏమీ అడగనవసరం లేకపోయింది. కంప వైపు చూపించిన కూర్మయ్య చెయ్యి అలా గాలిలోనే ఆగిపోయింది. కాసేపటికి మెల్లిగా కిందికి దించాడు. "నాకు మా తాత పేరే ఎట్టినారు" అన్నాడు, ఎవరితోనో కాదు, తనలో తాను. మామ్మ కేసి తిరిగాడు. "సిన్నప్పట్నుండీ ఈ మామ్మకి నానంటే గిట్టదనుకున్నాను. అందుకే పేరెట్టి పిలవదనుకున్నాను."

"గిట్టకపోడమేటిరా" అంది మామ్మ. "నీ పేరు అనకూడదనే గదా, దేవుడి పేరు కూడా ఒగ్గేసినాను."

అంత లావు మనిషీ గోతి గట్టు మీద కూలబడి ఏడ్చాడు. నాకూ ఆగలేదు. వాపు పెదవి మీద కన్నీళ్లు పడితే ఎంత మండుతుందో ఆ రోజే తెలిసింది. పెద్దమనుషుల్లో గోతిలో పడ్డాయన లేచి పంచె దులుపుకున్నాడు. "నేస్తాలింటి మధ్యన తగువేటి? ఇన్నాం అంటే మాకూ పాపమే. లెగండి, లెగండి. బోజనాలేలయింది." అన్నాడు. కూర్మయ్య కంప తానే లాగి పక్కన పడేశాడు. ముళ్లు గుచ్చుకుంటున్నా ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వలేదు.

కొత్త కాగితం

నేను ఊరుకునే దాన్ని కాదు. నోటిమాట నూతిలో రాయి, రేపు మళ్లీ ఎవరో కంప వేస్తే? ఈసారి పేరు, తండ్రి పేరు, అన్నీ పడేలా ఒక ఒప్పంద పత్రం నేనే రాస్తానన్నాను. మర్నాడు పొద్దున్నే ఇద్దర్నీ రమ్మన్నాను. వచ్చారు. ఇద్దరి నెత్తిమీదా పసుపు అక్షింతలు, ఒకరి తువ్వాలు ఇంకొకరి భుజాన. తెల్లారగట్లే మామ్మ దగ్గరుండి ఇద్దరికీ మళ్లీ నేస్తరికం కట్టేసిందట.

"శుభం" అని కలం తీశాను. "మావయ్యగారూ, మీ తోటకు ఉత్తరం హద్దు ఎవరిది?"

"నేస్తం తోట" అన్నారు మావయ్యగారు.

"పేరు?"

"ఉప్పుడు అనకూడదు గదమ్మా."

"మీరు అనకండి. నాకు తెలుసు కదా, నేను రాసుకుంటాను."

ఆయన కాగితం మీదికి వంగి చూశారు. "ఇక్కడ మొదట్ల 'నేను' అని రాసినావు గదా? ఆ నాను నువ్వా, నానా?"

"మీరే."

"మరి నానే ఆ పేరన్నట్టు అవదేటి?"

దస్తావేజులో "నేను" అంటే రాయించినవాడేనని ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు నేర్పిన మొదటి పాఠం. కూర్మయ్యను అడిగాను. "దక్షిణం హద్దు, నేస్తం తోట" అన్నాడు, చేతులు కట్టుకుని. చచ్చినట్టు అలాగే రాశాను: "ఉత్తరం: నేస్తం తోట. నూతిని నేస్తమును నేనును సమముగా వాడుకొనువారము." కింద సంతకాలు మాత్రం ఎవరివి వాళ్లు పెట్టారు. తన పేరు తాను అనుకుంటే తప్పు లేదట. అదొక్కటే నాకు మిగిలిన ఊరట.

మధ్యాహ్నం నుంచి అందరూ కలిసి మొక్కలు పాతారు. గోతులు తవ్వే పని లేకపోయింది. సింహాద్రి గోతిగోతికీ తిరిగి, "నాను ముందే సెప్పలేదేటి, ఊరకనే ఎవుడూ రాయడని" అంటూ మొక్క నిలబెట్టాడు. రెండు గోతులు మిగిలితే ఒకదాంట్లో నా చేత కూడా పెట్టించారు.

తిరుగు

బయలుదేరే పొద్దున మామ్మ నన్ను పెరట్లోకి లాక్కెళ్లింది. చేతిలో పసుపు అక్షింతలు.

"నా నేస్తాలందరూ ఎలిపోనారు. పిలుసుకోడానికి ఒక్కలైనా ఉండాల" అంది.

"మామ్మా, మీ వయసెక్కడ, నా వయసెక్కడ!"

"నా కంటే నువ్వు కుర్రదానివే. బేగి పోవు" అంది, నా నెత్తిన అక్షింతలు వేస్తూ. తన పాత నేత చీర నా చేతిలో పెట్టి, నా కొత్త చీర లాక్కుంది. ఈ బేరంలో ఎవరు గెలిచారో మా ఆయనకు ఇప్పటికీ అర్థం కాలేదు.

నిన్న రాజ్యం చిన్నాన్న గుంటూరు పని మీద వస్తూ మా ఇంట్లో ఒక పనసపండు దింపి వెళ్లాడు. పసుపుగుడ్డ చుట్టి, కింద ఇంత బియ్యంతో. మా ఆయన దూరం నుంచే చూసి, "ఏంటే ఇది, చేతబడిలా ఉంది?" అన్నాడు. సముద్రం దగ్గర్లో లేదు కాబట్టి సరిపోయింది. నేనే కోసి, తొనలు తీసి అందరికీ పంచాను.

అందినట్టు కార్డు రాద్దామని మా ఆయన కలం తీసి, "ఇంతకీ ఆవిడ పేరేంటి?" అన్నాడు.

నాకు తెలుసు. ఆ దస్తావేజు అన్నిసార్లు చదివినదాన్ని, తెలియకుండా ఎలా ఉంటుంది? ఇంత రాశాను కదా, ఇందులో ఎక్కడైనా ఉందేమో వెతుక్కోండి. చిరునామా దగ్గర మాత్రం నేనే కలం తీసుకుని, "నేస్తం గారికి, తవిటయ్య గారి ఇల్లు" అని రాసి పోస్టులో వేశాను.